రెండో మనిషి ఉచితం

మొదటి మనిషి చనిపోతే రెండో మనిషికి ప్రయాణం లేదు. ఓడ కంపెనీ తియెన్‌లాయ్‌కి చేసిన అన్యాయం ఇది. దీన్ని ఇంకో రకంగా చెప్పడానికి వీల్లేదు.

ఆ మాట అతనికి చెప్పినవాడు ఖ్వాత్. కీలుంగ్ రేవు ఎదురుగా టిక్కెట్ల కొట్టు అతనిది. బయట వాన పడుతోంది. తియెన్‌లాయ్ గొడుగు మడిచి బల్లకి ఆనించాడు. చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కాగితం తీసి, మడతలు విప్పి, ఖ్వాత్ చదవడానికి వీలుగా తిప్పి పెట్టాడు. కాగితంలో రెండు గడులు. మొదటి గడిలో అతని భార్య బోంగ్‌చీ పేరు. రెండో గడిలో అతని పేరు.

"రెండో మనిషి ఉచితం అన్నారు. ఆ రెండో మనిషిని నేనే."

"అన్నాం బాబాయ్. అప్పుడు ఓడలు ఖాళీగా పోయేవి. గది ఇచ్చి, తాగడానికిచ్చి, ఎక్కండి మహాప్రభో అని జనం కాళ్ళు పట్టుకున్నాం. ఇప్పుడు జనమే మా కాళ్ళు పట్టుకుంటున్నారు. వచ్చే వేసవిదాకా గది లేదు."

"ఈ కాగితం అప్పటిది."

"కాదన్నానా? డబ్బు కట్టింది పిన్ని. పిన్ని పోయింది, ఆమె టిక్కెట్టు రద్దు. ఆమెది రద్దయితే దాని తోకా రద్దు. కంప్యూటర్ అంతే చెబుతుంది."

"తోకంటే నేనా?"

ఖ్వాత్ నవ్వాడు. "నేనన్న మాట కాదు బాబాయ్. కాగితాల్లో అలాగే ఉంటుంది, ఉచితంగా వచ్చిన మనిషి అని."

తియెన్‌లాయ్ ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ రేవులో ఓడలకు మోకులు కట్టాడు. చూపుడువేలు సగమే ఉంది. మిగతా సగం ఒక ధాన్యం ఓడ మోకు తీసుకుంది. ఆ సగం వేలితో కాగితం మీద తన పేరు తట్టాడు.

"ఇది ఆమె నాకోసం కొన్నది. నలభై ఆరేళ్ళ కాపురంలో తన చేత్తో నాకు కొనిచ్చింది ఇదొక్కటే. కొనిచ్చి పోయింది."

"బాధగానే ఉంటుంది. నేనేం చెయ్యను? పోవాలంటే కొత్త టిక్కెట్టు కొనుక్కో. ధర రెట్టింపైంది. ఒక్కడివే వెళ్ళినా ఇద్దరి డబ్బు కట్టాలి, గదిలో రెండు మంచాలున్నాయి కాబట్టి. నీళ్ళ సీసా కూడా కొనుక్కోవాల్సిందే. ఇంట్లో కూచుని అల్లం కషాయం తాగు బాబాయ్, నయం."

ఖ్వాత్ గోడ మీది గడియారం చూశాడు. అది చూడకపోయి ఉంటే తియెన్‌లాయ్ గొడుగు తీసుకుని వెళ్ళిపోయేవాడేమో.

"ఇద్దరి డబ్బు కడతాను," అన్నాడు.

"నిజంగానా?"

"ఇద్దరి డబ్బు తీసుకున్నాక ఇద్దరూ వస్తారు. తర్వాత నన్ననొద్దు."

ఖ్వాత్ ఆ మాట పట్టించుకోలేదు. కంప్యూటర్ మీద వంగి టకటక కొట్టాడు. ఎనిమిదో అంతస్తు, 8126వ గది, కిటికీ ఉంది, నహా రేవుకి పోయి రావడం, మూడు రాత్రులు. యంత్రంలోంచి కాగితం బయటికి వచ్చింది. మొదటి గడిలో తియెన్‌లాయ్ పేరు. రెండో గడి ఖాళీ.

ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం తియెన్‌లాయ్ ఆ కాగితానికి నకలు తీయించుకున్నాడు. ఇంటికి వచ్చి, పెన్ను నాలుకకి అద్ది, నకలు మీద రెండో గడిలో బోంగ్‌చీ పేరు రాశాడు. అక్షరాలు పెద్దవైపోయి గడి దాటాయి. ఆమె ఫోటో ముందు అగరొత్తులు వెలిగించి, రేపు ఏ గంటకి, ఎన్నో వార్ఫు, ఏ ఓడ అన్నీ వరసగా చెప్పాడు.

"ఎనిమిదో అంతస్తు. ఎనిమిది, ఒకటి, రెండు, ఆరు. ఎడమ పక్క మంచం నీది. అక్షరాలు రాకపోయినా నీకు అంకెలు వచ్చు. తప్పిపోకు."

తర్వాత రెండు నాణేలు తీశాడు. రెండింటికీ ఒకవైపు ఎర్రరంగు పూసి ఉంది. పోయినవాళ్ళు మాట్లాడేది వాటితోనే. ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు పడితే సరే అన్నట్టు. రెండూ తెలుపైతే ఒప్పుకోనట్టు. రెండూ ఎరుపైతే నవ్వినట్టు. నీ ప్రశ్న సరిగ్గా లేదు, మళ్ళీ అడుగు అని.

విసిరాడు. రెండూ ఎరుపు.

"నవ్వుతావేం? వస్తావా రావా?"

మళ్ళీ విసిరాడు. ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు.

గుమ్మం ముందు రేకు డబ్బాలో, పోయినవాళ్ళకి పంపే కాగితపు డబ్బుతోపాటు టిక్కెట్టు నకలు కూడా కాల్చాడు. వాన చినుకులు పడకుండా గొడుగు పట్టుకుని, చివరి మూల నల్లబడేదాకా పుల్లతో కదిపాడు. ఇప్పుడు ఆమె చేతిలో టిక్కెట్టు ఉంది. ఓడలో రెండు పళ్ళేలు పెట్టమంటాడు. రెండు దుప్పట్లు, రెండు తువ్వాళ్ళు అడుగుతాడు. భోజనాల బల్ల దగ్గర పక్క కుర్చీతో మాట్లాడతాడు. చుట్టూ ఉన్నవాళ్ళకి ముద్ద దిగదు. ఎవరని అడిగితే, ఉచితంగా వచ్చిన మనిషి కాదు, డబ్బు కట్టిన మనిషి అని చెబుతాడు. మూడు రోజులూ చెబుతాడు. వచ్చాక రేవులో పాత స్నేహితులకి చెబుతాడు. మోకులు కట్టే సియోంగ్‌కి ముందు చెప్పాలి. సియోంగ్‌కి చెబితే ఊరికి చెప్పినట్టే.

ఓడ ఎక్కే చోట ఒక అమ్మాయి అతని కాగితం చూసి, తెరమీద చూసి, ఇంకో అంకె రాసి ఇచ్చింది. 3057.

"ఇది కాదమ్మా. నాది 8126."

"గది మారింది తాతగారూ. గది ఎంచుకోవడానికి ఇప్పుడు వేరే డబ్బు కట్టాలి. కట్టనివాళ్ళని ఎక్కడ వీలైతే అక్కడ వేస్తాం."

మూడో అంతస్తు గదికి కిటికీ లేదు. కిటికీ ఉండాల్సిన చోట సముద్రం బొమ్మ అతికించారు. పక్కనే ఇంజిను. గోడ మీద చెయ్యి పెడితే వణుకు తెలుస్తోంది. తియెన్‌లాయ్ సంచి కిందపెట్టి, మెట్లెక్కి ఎనిమిదో అంతస్తుకు వెళ్ళాడు. 8126 తలుపు తెరిచి ఉంది. లోపల ఖ్వాత్ పెట్టె సర్దుతున్నాడు. ముప్ఫైమంది బృందాన్ని వెంటబెట్టుకుని అతనూ బయల్దేరాడని తియెన్‌లాయ్‌కి తెలుసు. ఈ గదిలోకే వస్తాడని మాత్రం అనుకోలేదు. కిటికీ పక్క కుర్చీలో ఖ్వాత్ తల్లి గెక్ కూచుని ఉంది. ఎనభై ఏళ్ళ మనిషి. మోకాళ్ళకి గుడ్డ కట్టుకుని ఉంది.

"ఎవరూ, తియెన్‌లాయా? రా," అంది ఆమె.

ఖ్వాత్ గబగబా బయటికి వచ్చి తలుపు సగం వేశాడు.

"కోప్పడకు బాబాయ్. అమ్మకి కిటికీ లేకపోతే ఊపిరాడదు. ఓడంతా నిండిపోయింది. ఒంటరి మనిషివి, నీకు కిటికీ ఎందుకు చెప్పు?"

తియెన్‌లాయ్ తలుపు మీది అంకె చూశాడు. ఎనిమిది, ఒకటి, రెండు, ఆరు. అతని నోట్లోకి వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది.

"ఎడమ పక్క మంచం మీద ఎవరు పడుకుంటారు?"

"నేనే."

"మంచిది," అన్నాడు తియెన్‌లాయ్. కిందికి దిగుతుంటే మెట్లమీద అతనికి నవ్వొచ్చింది. భార్య పోయాక నవ్వడం అదే మొదలు.

సాయంత్రం భోజనాల దగ్గర ఖ్వాత్ బృందం కూచున్న పెద్ద గుండ్రటి బల్ల దగ్గరికే వెళ్ళి కూచున్నాడు. పక్క కుర్చీ మీద ఎవర్నీ కూచోనివ్వలేదు. వడ్డించే కుర్రాణ్ణి పిలిచి ఇంకో పళ్ళెం తెప్పించాడు. చేప వచ్చింది. ముళ్ళు ఒక్కొక్కటీ తీసి, బుగ్గ దగ్గరి మెత్తని కండ ఆ పళ్ళెంలో పెట్టాడు.

"ఎవరికండీ?" అంది ఎదురుగా ఉన్న లావుపాటి ఆవిడ.

"మా ఆవిడకి. ఇద్దరి డబ్బు కట్టాను. కావాలంటే ఖ్వాత్‌ని అడగండి."

"మీ ఆవిడ ఎక్కడున్నారు?"

"పోయి పది నెలలైంది." తియెన్‌లాయ్ చేప పళ్ళెం కొంచెం జరిపాడు. "అన్నానికి రాలేదు. గదిలో ఉండిపోయిందేమో. నేను కాల్చి పంపిన టిక్కెట్టు మీద 8126 అని ఉంది. ఎడమ పక్క మంచం అని కూడా చెప్పాను. మా ఆవిడ చెప్పిన చోటుకే వెళుతుంది, మొదట్నుంచీ అంతే."

ఖ్వాత్ చేతిలో అన్నం తినే పుల్లలు ఆగిపోయాయి. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు అతని వైపు చూశారు.

"వేళాకోళం వద్దు బాబాయ్."

"టిక్కెట్టు కాల్చి పిలిచిన వాళ్ళతో వేళాకోళమా? నువ్వే చెప్పు, మీ నాన్నకి నువ్వు కాగితపు డబ్బు కాల్చలేదూ?"

ఖ్వాత్ రేవు మనిషే. పోయినవాళ్ళు తిరుగుతారనే ఏడో నెలలో సాయంత్రం దాటాక నీళ్ళ దగ్గరికి పోడు. కొట్టు ముందు పూజ తప్పనివాడు. లావుపాటి ఆవిడ తన కుర్చీని ఖాళీ కుర్చీకి దూరంగా లాక్కుంది.

మర్నాడు పొద్దున ఖ్వాత్ తియెన్‌లాయ్‌ని వెతుక్కుంటూ వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. రాత్రంతా పైన డెక్కు మీద పడక కుర్చీలో తడి తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. చెంప మీద కుర్చీ అల్లిక అచ్చు పడింది.

"పిన్నిని నీ గదికి పిలుచుకో బాబాయ్. దణ్ణం పెడతాను."

"ఎలా పిలవను? కొత్త అంకె రాసి మళ్ళీ కాల్చాలి. ఓడలో నిప్పు ముట్టించనిస్తారా? పొగ వస్తే పైనుంచి నీళ్ళు పడతాయి. నాకు తెలుసు, రేవులో పనిచేసినవాణ్ణి."

"నాణేలు తెచ్చావా?"

"తెచ్చాను."

"అడుగు మరి. పిన్ని సరేనంటే చాలు."

బృందంలో అయిదారుగురు పోగయ్యారు. తియెన్‌లాయ్ తీరిగ్గా నాణేలు తీసి, అరచేతుల మధ్య పెట్టి, నుదుటికి ఆనించుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు మోకు ఉచ్చు ఎక్కడ పడాలంటే అక్కడ పడేలా వేసిన చేతులు అవి. నాణేలని గాల్లో తిరగనివ్వకుండా నేలకి దగ్గరగా జారవిడిచాడు. రెండూ తెలుపు.

"ఒప్పుకోలేదు," అన్నాడు.

రెండోసారి అలాగే జారవిడిచాడు. రెండూ తెలుపు. మూడోసారి కూడా. ఆమె పేరుతో చేసిన మోసం అది. చేస్తున్నప్పుడు అతనికి ఏమీ అనిపించలేదు. ఖ్వాత్ మెడ వెనక చెమట పట్టడం చూశాడు. అది బాగుంది.

"ఎందుకు రానంటోంది?" ఖ్వాత్ గొంతు తగ్గింది.

"కిటికీ ఉన్న గదికి ఆమె డబ్బూ కట్టాను. కిటికీ లేని గదికి ఎందుకొస్తుంది? నువ్వొస్తావా?"

వెనకనుంచి ఎవరో అన్నారు: "ఇప్పుడేమీ ఉచితంగా ఇవ్వట్లేదన్నావు కదయ్యా ఖ్వాత్. నీకు మాత్రం గదిలో మనిషి ఉచితంగా వచ్చిందే."

నవ్వారు. నహాలో దిగేసరికి ఆ మాట ఓడంతా పాకింది. తిరుగు ప్రయాణంలో ఖ్వాత్ బల్ల దగ్గర నలుగురే మిగిలారు. వచ్చే నెల టిక్కెట్లకి పేరిచ్చిన ముగ్గురు, ఇంట్లో అడిగి చెబుతామని వెనక్కి తీసుకున్నారు. తియెన్‌లాయ్ అన్నీ విన్నాడు. ఊళ్ళోకి కూడా పోకుండా నహా రేవులోనే ఒక గట్టు మీద కూచుని, అక్కడి పనివాళ్ళు మోకు ఉచ్చుని ఇనుప గుంజకి తగిలించడం చూస్తూ, సియోంగ్‌కి ఈ కథ ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో ఆలోచించుకున్నాడు. బల్ల దగ్గర చేపతో మొదలుపెట్టాలి. పడక కుర్చీ అచ్చు చివర్లో చెప్పాలి.

ఖ్వాత్ రెండో రాత్రీ డెక్కు మీదే పడుకున్నాడు. వాన వచ్చింది.

మూడోరోజు మధ్యాహ్నం, చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేనప్పుడు, ఖ్వాత్ వచ్చి "అమ్మ పిలుస్తోంది" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. కళ్ళు గుంటలు పడ్డాయి.

8126లో ఎడమ పక్క మంచం నలగలేదు. దుప్పటి మడత మడతగానే ఉంది. దిండు మీద కమలాపండు పెట్టి ఉంది. పక్క బల్ల మీద మూత పెట్టిన టీ కప్పు. గెక్ కిటికీ పక్కన కూచుని ఉంది. ఖ్వాత్ గడప దాటలేదు.

"నీకు భయం లేదా వదినా?" అన్నాడు తియెన్‌లాయ్.

"బోంగ్‌చీ అంటే భయమా? చేపల అంగట్లో ఇరవై రెండేళ్ళు ఎదురెదురుగా కూచుని చేపలు కోశాం. దాని కత్తి మొద్దుబారితే నాది తీసుకునేది. రెండు రాత్రుల్నుంచి కబుర్లు చెప్పుకుంటున్నాం. అది పలకదనుకో. బతికున్నప్పుడూ నేనే మాట్లాడేదాన్ని." ఆమె కుర్చీ చూపించింది. "కూచో. మావాణ్ణి ఇంక ఏడిపించకు. గది మార్చింది తప్పే. నా మోకాళ్ళకోసం మార్చాడు. కావాలంటే నన్ను తిట్టు."

"గది సంగతి కాదు వదినా. ఆమె నాకోసం కొన్న టిక్కెట్టు. దాన్ని లాక్కుని నన్ను తోక అన్నారు."

గెక్ అతని వైపు చూసింది. తర్వాత మంచం వైపు చూసింది. ఒడిలోని గుడ్డ మోకాలికి బిగించి కట్టుకుంది. ముడి సరిగా పడలేదని విప్పి మళ్ళీ కట్టుకుంది.

"నీకోసం కొన్నదని అది చెప్పిందా?"

"చెప్పాలా? నా పేరు రాయించింది."

"రాయించేటప్పుడు పక్కన నేనున్నా."

తియెన్‌లాయ్ కుర్చీలో కూచున్నాడు.

"అయిదో ఆడపిల్లని బోంగ్‌చీ అని పేరు పెట్టారు దానికి. అంటే పుట్టింది కదా, పెంచుదాంలే అని. బతుకంతా ఎవరో ఒకరి పక్కన ఊరికే వచ్చిన మనిషే. ఆ రోజు అంగట్లోంచి ఒంటి మీద పొలుసులతోనే మా కొట్టుకి వచ్చింది. 'మూడు రోజులు ఒక్కదాన్నే పోతా వదినా, ఎవరికీ వండక్కర్లేని చోట కిటికీ దగ్గర కూచుంటా' అంది. మొదటి గడిలో తన పేరే రాయాలని మావాడికి రెండుసార్లు చెప్పింది. వీడు రెండో మనిషి ఉచితం అన్నాడు. అది నన్ను రమ్మంది. నా మోకాళ్ళు చూపించా. కాసేపు ఆలోచించి, 'సరే, ఆయన పేరు రాయి, ఊరికే వచ్చేదాన్ని పోగొట్టుకోవడం ఎందుకు' అంది. అంతే తియెన్‌లాయ్. చెడ్డగా అనలేదు. నవ్వుతూనే అంది."

ఇంజిను చప్పుడు ఇక్కడిదాకా రాదు. కిటికీ అవతల నీళ్ళు వెనక్కి పోతున్నాయి. గుమ్మం దగ్గర ఖ్వాత్ తల దించుకున్నాడు. ఇది అతనికి ముందునుంచీ తెలుసు. కొట్టులో ఆ రోజు చెప్పలేదు. నాణేలు వేసిన చోట అందరూ నవ్వినప్పుడు చెప్పలేదు. డెక్కు మీద వానలో తడిసి కూడా చెప్పలేదు.

తియెన్‌లాయ్ జేబులోంచి నాణేలు తీశాడు. అరచేతుల మధ్య పెట్టుకున్నాడు. పెదవులు కదిలాయి, ఏం అడిగాడో వాళ్ళకి వినిపించలేదు. ఈసారి జారవిడవలేదు. తలకన్నా ఎత్తుకి ఎగరేశాడు. ఒకటి మంచం కోడుకి తగిలి చాలాసేపు గింగిరాలు తిరిగి పడిపోయింది. రెండోది అతని చెప్పు పక్కనే పడింది.

రెండూ ఎరుపు.

"ఏమంది?" అన్నాడు ఖ్వాత్.

తియెన్‌లాయ్ వంగి నాణేలు తీసుకున్నాడు. లేవడానికి మంచం అంచు పట్టుకోబోయి, నలగని దుప్పటి చూసి, గోడ పట్టుకుని లేచాడు.

"ఆమెని ఇక్కడే ఉండనియ్యి. నువ్వు కింద నా గదిలో పడుకో. రెండో మంచం ఖాళీ," అన్నాడు.

ఆ రాత్రి ఖ్వాత్ 3057లో పడుకున్నాడు.

పొద్దున ఓడ కీలుంగ్ వార్ఫుకి ఆనుకుంటుంటే తియెన్‌లాయ్ కటకటాల దగ్గర నిలబడ్డాడు. ఓడ పైనుంచి, మోకుకి కట్టిన సన్నతాడు ఎగిరి వచ్చి గట్టు మీద పడింది. సియోంగ్ పరిగెత్తి అందుకుని, చేతికి చెయ్యి మారుస్తూ లాగి, దాని వెనక వచ్చిన మోకు ఉచ్చుని ఇనుప గుంజకి వేశాడు. తల ఎత్తి తియెన్‌లాయ్‌ని చూసి చెయ్యి ఊపాడు. బృందంలో ఎవరో అప్పటికే ఫోన్లో అన్నీ చెప్పేశారని ఆ చెయ్యి ఊపడంలోనే తెలిసిపోయింది.

గంట తర్వాత రేవు గేటు బయట పీతల పులుసు బండి దగ్గర సియోంగ్ కాచుకుని ఉన్నాడు. ఇంకో నలుగురు పాతవాళ్ళని కూడా తెచ్చాడు. తియెన్‌లాయ్ కోసం ముక్కాలి పీట తుడిచి పెట్టాడు. పులుసు గిన్నె ముందుకు జరిపాడు.

"రా అన్నా, కూచో. మూడు రాత్రులు డెక్కు మీద పడుకోబెట్టావంట కదా ఆ ఖ్వాత్ గాణ్ణి. మొదట్నుంచీ చెప్పు. ఒక్క ముక్క వదలొద్దు."

"రెండు రాత్రులే," అన్నాడు తియెన్‌లాయ్.

"రెండే అనుకో. చెప్పు. వదిన ఆ గదిలోనే ఉండిపోయిందంట కదా. ఏమంది?"

తియెన్‌లాయ్ కూచోలేదు. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన పాత కాగితం, రెండు గడులున్నది, ఇంకా జేబులోనే ఉంది. దాని మీద చెయ్యి పెట్టి గుండీ పెట్టుకున్నాడు. అవతల ఖ్వాత్ తల్లి చెయ్యి పట్టుకుని గొడుగు లేకుండా వానలో వెళుతున్నాడు. అయిదుగురూ అటు చూసి, నవ్వడానికి సిద్ధంగా ఇటు తిరిగారు.

"పులుసు మీరు తినండి," అన్నాడు తియెన్‌లాయ్. "ఈ ప్రయాణం మాట నా దగ్గర ఎత్తొద్దు. ఇవాళ వద్దు. నేను పోయేదాకా వద్దు."